పెరుగు అరలో గులాబీ నీళ్లు

నేను ఒక చిన్న సీసా అడుగున ఉన్న గులాబీరంగు నీళ్లను. అంతా కలిపి పోసినా ఒక ఉగ్గుగిన్నె అడుగు తడవదు. అలాంటి నా కోసం ఆ ఇంట్లో అత్తాకోడళ్లు వంటింటి మధ్యలో నిలబడి వాదించుకుంటున్నారు. నన్ను సంచిలోంచి బయటికి తీసేసరికే వాదన సగం నడిచిపోయింది. పొయ్యి మీద కాఫీ కాగి చల్లారి, మళ్లీ కాగుతోంది.

"ఎలకదంటున్నావు, కోళ్లకంటున్నావు. రెండూ నీచే గదా అమ్మాయ్. కార్తీకమాసంలో తెచ్చి నా పెరుగు పక్కన పెడతానంటే ఎలాగ?" వీరరాఘవమ్మగారు ఫ్రిజ్ తలుపును ఒక చేత్తో పట్టుకునే ఉంది. తెరవడానికీ మూయడానికీ అధికారం తనదేనని ఆ చెయ్యి చెబుతోంది.

"సీలు వేసిన సీసా అత్తయ్యగారూ. దాని చుట్టూ రేకు. ఆపైన స్టీలు డబ్బా, మూత. గాలి కూడా దూరదు."

"మూడు మూతలేస్తే చేప కాస్తా దొండకాయైపోతుందా?"

శేషుకుమారి నవ్వబోయి మానేసింది. ఆమె భర్త వరప్రసాద్ గుమ్మంలో నిలబడి తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. మధ్యలోకి రావలసిన సమయం ఇదేననుకున్నాడు కాబోలు.

"అమ్మా, వాళ్ల కాలేజీలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దీపావళి సెలవలు, బాగుచేసే నాథుడు లేడు. కరెంటొచ్చేదాకా ఉంటుంది. ఎవరో చుట్టమొచ్చేడనుకో."

"చుట్టమైతే కాళ్లు కడుక్కుని లోపలికొస్తాడ్రా."

పదో తరగతి చదివే మనవరాలు హిమజ పక్కున నవ్వింది. ఆ నవ్వుతో వీరరాఘవమ్మగారి చెయ్యి తలుపు మీద కొంచెం సడలింది. పెరుగుకూ నాకూ మధ్య రెండు అరల దూరం ఉండాలని, కూరగాయల పెట్టె పక్కనున్న మూల తప్ప ఇంకెక్కడికీ జరపకూడదని ఒప్పందం కుదిరింది.

"ఎక్కడైనా పెట్టండి గానీ చల్లగా ఉండాలండి. ఆ చల్లదనం మాత్రం తప్పకూడదు" అంది శేషుకుమారి.

చెప్పవలసిన దానిలో అది సగం. మిగతా సగం ఆమె నోటిదాకా వచ్చింది. అత్తగారి ముఖం చూసి మింగేసింది. అప్పుడే సద్దుమణిగిన తగువు కదా, ఇంకో షరతు పెడితే డబ్బా మొత్తం గడప అవతలికి పోతుందేమోనని వెనకాడింది. ఆ మింగేసిన సగం మాటే నా కథ.

నా పుట్టుక సంగతి కొంచెం చెప్పాలి. నా తల్లి ఒక తెల్ల ఎలుక. చాలా దూరదేశంలో, కిటికీలు లేని గదిలో బతికింది. కోడిపిల్ల మెడలోంచి తీసిన కణాలను సూదితో దాని ఒంట్లోకి ఎక్కించారు. ఎలుక ఒంటికి కోడి పరాయిది. పరాయివాడు గడప దాటి వస్తే వాడి ఆనవాలు పట్టి ఉంచుకోవడం ఏ ఒంటికైనా అలవాటు. అలా ఆనవాలు పట్టిన ఒక కణాన్ని తీసి, చావు లేకుండా పెరుగుతూ పోయే మరో కణంతో కలిపారు. ఆ జంటకు పుట్టినవాళ్లమే నేనూ, నా తోబుట్టువులూ. లెక్కకు అందనంతమందిమి. అందరిదీ ఒకటే పోలిక, ఒకటే పని.

ఏ ప్రాణి కణమైనా ఒంటిమీద కొన్ని గుర్తులు పెట్టుకుని తిరుగుతుంది. ముక్కుపుడక ఏ వైపుందో, చీర కుచ్చిళ్లు ఎలా దోపుకుందో చూసి ఫలానా ఊరి మనిషని చెప్పేస్తారే, అలాంటి గుర్తులే. చదువుకున్నవాళ్లు వాటికి నంబర్లు పెట్టారు. నేను వెతికే గుర్తు ఎనిమిదో నంబరుది. కోడి ఒంట్లో ఆ గుర్తు ఉన్నవి పోరాడే కణాలు. రోగం దూరిన తోటి కణాన్ని పోల్చుకుని, పక్కనే నిలబడి ప్రాణం తీస్తాయి. వాటిని లెక్కపెడితే ఆ కోడి రోగంతో ఎంత గట్టిగా పోట్లాడుతోందో తెలుస్తుంది. లెక్కపెట్టాలంటే ముందు కనబడాలి. నేను వెళ్లి ఆ గుర్తును పట్టుకుని కూర్చుంటే గాని అవి కనబడవు.

పట్టుకున్నంత మాత్రాన చాలదు, మెరవాలి. నాకు సొంత రంగు లేదు కనక, సముద్రంలోని ఎర్రనాచు నుంచి తీసిన రంగును నాకు కట్టారు. యంత్రంలోని వెలుగు తగిలినప్పుడు ఆ రంగు పండిన నారింజలా మెరుస్తుంది. కోడి సంగతి తెలుసుకోవడానికి మనుషులు ఎలుకను అడుగుతారు, సముద్రపు నాచును అడుగుతారు. ఒక్క కోడిని మాత్రం ఏమీ అడగరు, కోస్తారు.

ఆ రంగు మహా సుకుమారం. వెలుతురు తగిలితే వెలిసిపోతుంది, అందుకే నాకు రేకు చుడతారు. వేడి తగిలితే పాడవుతుంది, అందుకే చలి కావాలి. కానీ గడ్డకట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టి కరిగితే లోపల విరిగిపోతుంది. పాలు విరిగితే కంటికి తెలుస్తుంది. నేను విరిగితే తెలియదు. చూడడానికి అదే గులాబీ.

నన్ను సీసాలోకి ఎక్కించిన అమ్మాయి ముఖానికి గుడ్డ కట్టుకుని ఉండేది. నా ముందు కొన్ని వందల సీసాలు, నా తరవాత కొన్ని వందలు ఆ చేతుల మీదుగా పోయాయి. తరవాత మంచుగడ్డల మధ్య విమానం ఎక్కాను. హైదరాబాదులో ఒక దుకాణదారు నన్ను తన ఫ్రిజ్‌లో కొన్నాళ్లు అట్టేపెట్టుకున్నాడు. పేరు పలకడం రాక నన్ను 'కోడి ఎనిమిది' అనేవాడు. అక్కడినుంచి పశువైద్య కళాశాల ఆచార్యులు దయాసాగర్‌గారి ప్రయోగశాలకు వచ్చాను. ఆయన నన్ను వెలుతురులోకి ఎత్తి చూడబోయి, నాలిక కరుచుకుని, శేషుకుమారి చేతిలో పెట్టారు. "బంగారంలా చూసుకోవమ్మా" అన్నారు. ఆమె అలాగే చూసుకుంది. వచ్చిన కొత్తలో ఒక చుక్క ఖర్చుపెట్టి పరీక్షించింది. ఆ రోజు బ్రహ్మాండంగా మెరిశాను. తెర మీద నారింజ చుక్కల గుంపు చూసి ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఆమె నన్ను తెప్పించడం వెనక ఉన్న ప్రశ్న నిజానికి ఆమెది కాదు. వీరరాఘవమ్మగారిది.

వాళ్లది అనపర్తి పక్కన పల్లె. వరప్రసాద్‌కు గుడ్లకోళ్ల షెడ్డు ఉంది. రెండేళ్ల కిందటి వేసవిలో గంబోరో వచ్చి షెడ్డులో పిల్లలన్నీ పోయాయి. ఆ రోగం కోడిపిల్ల తోక కింద ఉండే చిన్న సంచీని పట్టుకుంటుంది. రోగాన్ని ఎదిరించే కణాలు బడికి వెళ్లి చదువుకునే చోటు అది. బడే కాలిపోతే ఇంక చదువేముంది? పొద్దున తెల్లటి నీళ్ల రెట్ట వేస్తూ ముడుచుకు కూర్చున్న పిల్ల సాయంత్రానికి లేదు. షెడ్డు వెనక గొయ్యి తవ్వి సున్నం చల్లారు.

అదే పెరట్లో, అదే గాలి పీలుస్తూ, ఆ గొయ్యి గట్టు మీదే గింజలు ఏరుకుంటూ వీరరాఘవమ్మగారి నాటుకోళ్లు మాత్రం నిక్షేపంగా తిరిగాయి. ఆమెకు ఒక డేగ పెట్ట, ఒక కాకి పెట్ట, వాటి సంతానం. డేగ అంటే ఎర్రది, కాకి అంటే నల్లది. వాటికి టీకాలు లేవు, మందులు లేవు.

"నీ చదువులో దీనికేమైనా రాసుందా అమ్మాయ్? కొన్న పిల్లలు పోయేయి, నావి ఎందుకు పోలేదు?" అని కోడలిని అడిగిందామె.

కోడలు పశువుల డాక్టరు. మన్యంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. "నాటువి కదండీ, గట్టివి" అంది. "అది నాకూ తెలుసు. ఎందుకు గట్టివో చెప్పు" అంది వీరరాఘవమ్మగారు. ఆ మాట శేషుకుమారిని వదల్లేదు. నలభై ఏళ్లకు దగ్గరపడుతుండగా చదువు సెలవు పెట్టి, కళాశాలలో పరిశోధనకు చేరింది. రోజూ బస్సులో వెళ్లి వచ్చేది. డేగ పెట్ట గుడ్లు, కాకి పెట్ట గుడ్లు అత్తగారే ఒక్కొక్కటీ గడ్డిలో చుట్టి ఇచ్చింది. అవి కళాశాలలో పొదిగి పిల్లలయ్యాయి. పక్క గదిలో షెడ్డు జాతి పిల్లలు. రెండు రకాలకూ రోగం ఎక్కించి, సరైన రోజున తోక కింద సంచీలోకి పోరాడే కణాలు ఎన్ని చేరాయో చూడాలి. నాటుకోడిలో అవి ముందుగా చేరుకుంటాయని శేషుకుమారి నమ్మకం. నమ్మకానికి విలువ రావాలంటే నేను మెరవాలి. ఫిబ్రవరితో ఆమె సెలవు అయిపోతుంది. పిల్లలు పెరిగే వయసు ఎవరికోసమూ ఆగదు. తప్పితే మళ్లీ గుడ్ల దగ్గర మొదలుపెట్టాలి.

నా మూల చీకటిగా, హాయిగా ఉండేది. పక్కనుంచి కొత్తిమీర వాసన, కరివేపాకు వాసన వచ్చేవి. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి దీపం వెలిగి, ఎవరో ఒకరి చెయ్యి కనబడేది. వీరరాఘవమ్మగారి చెయ్యి నా డబ్బా వైపు రాగానే ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగి వెళ్లేది. ఆమెకు నా మీద కోపం లేదు. మడి అంతే.

మొదటి కార్తీక సోమవారం వచ్చింది. తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, శివుడికి అభిషేకానికి పాలూ పెరుగూ తీయడానికి ఆమె తలుపు తెరిచింది. పెరుగు గిన్నె తీసింది. నా డబ్బా కనబడింది. గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. శివుడి నెత్తిన పోసే పాలు, ఎలుక నీళ్లు ఒకే చలిలో రాత్రంతా ఉన్నాయన్న ఊహ ఆమెను కదలనివ్వలేదు.

ఆ ఇంట్లో నీచుకు ఒక చోటుంది. పైన, మంచు గడ్డకట్టే అర. కార్తీకం నెల్లాళ్లూ ఇంట్లో ఎవరూ నీచు ముట్టరు గాని, వరప్రసాద్ దీపావళి ముందు తెచ్చిన రొయ్యలను పారేయడానికి ప్రాణం ఒప్పక అందులో పడేసి నెల ముగియడం కోసం కాచుకుని ఉన్నాడు. నీచు ఎక్కడుండాలో అక్కడుంటే దోషం లేదు. వీరరాఘవమ్మగారు కొంగుతో నా డబ్బా పట్టుకుని పైకెత్తింది.

"ఏంటి మామ్మా, అమ్మ డబ్బా తీస్తున్నావ్?" బడికి జడ వేసుకుంటున్న హిమజ అడిగింది.

"ఈ పూటకి పైన పెడుతున్నానే. చల్లగా ఉండాలంది గదా మీ అమ్మ. ఇంతకన్నా చల్లన ఇంట్లో ఎక్కడుంది? చేప నెలరోజులు చెడదు ఇక్కడ."

డబ్బాతో అయితే అక్కడ పట్టదని మూత తీసి, రేకు చుట్టిన సీసాను మాత్రం రొయ్యల పొట్లం పక్కన సర్దింది. ఆమె చేతిలో జాగ్రత్త ఉంది. పసిబిడ్డను నిద్రలో పక్కమీదికి మార్చే జాగ్రత్త.

చలి మొదట అంచుల్లోంచి వచ్చింది. తరవాత లోపలికి వచ్చింది. నీళ్లు సూదులైనప్పుడు నాకు కట్టిన రంగు ఒక్కో ముడి దగ్గర తెగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. అరవడానికి నోరుండాలి కదా. పక్కన రొయ్యలు మాత్రం హాయిగా ఉన్నాయి.

మంగళవారం పొద్దున్నే ఆమె నన్ను దించింది. డబ్బాను పొడిగుడ్డతో తుడిచి, నన్ను లోపల పెట్టి, మూల ఎలా ఉందో అలాగే ఉంచింది. డబ్బా మీది గీత ఏ వైపుకు తిరిగి ఉండేదో అది కూడా జ్ఞాపకం పెట్టుకుంది. తన దేవుడికి తాను న్యాయం చేసింది, కోడలి సామానుకూ న్యాయం చేసింది. మనుషులు రెండు న్యాయాలూ చేశామనుకున్న రోజునే ఏదో ఒకటి విరుగుతుంది.

కరెంటు వచ్చింది. నేను కళాశాలకు వెళ్లిపోయాను. ఒక్క చుక్క ఖర్చుపెట్టి నన్ను మళ్లీ పరీక్షించుకుంటే బాగుండేది. శేషుకుమారి ఆ ఆలోచన చేసింది కూడా. నన్ను వెలుతురుకు దూరంగా పట్టుకుని కాసేపు ఊపి, ఉన్నదే తక్కువ, అసలు రోజుకు చాలాలి కదా అని లోపల పెట్టేసింది. పొదుపు తెలిసిన ఇల్లాలు. పెద్ద పండక్కి దాచిన నెయ్యిని మధ్యలో మూత తీసి చూడదు.

ఆ రోజు రానే వచ్చింది. డేగ పెట్ట పిల్లలు, కాకి పెట్ట పిల్లలు, షెడ్డు పిల్లలు. శేషుకుమారి ప్రతి పిల్లనూ చేతిలోకి తీసుకుని, మెడ మీద వేలితో ఒకసారి నిమిరి, అప్పుడు పని ముగించింది. సంచీలోంచి కణాలు తీసి, గొట్టాల్లో పోసి, నన్ను చుక్కచుక్కగా వాటికి కలిపింది. నేను వెళ్లాను. గుర్తు కోసం వెతికాను. అవి ఉన్నాయి. నాటుపిల్లల్లో గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆ లోకంలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వాటిని చేతనైనంత పట్టుకున్నాను. వెలుగు తగిలింది. నేను మెరవలేదు.

తెర నల్లగా ఉంది. రోగం తగలని మామూలు కోడి కణాలను కూడా ఆమె పక్కన పెట్టుకుంది. ఆ కోడిలో ఈ గుర్తు ఉండి తీరాలి. అదీ నల్లగానే ఉంది. దయాసాగర్‌గారు వచ్చి ఆమె భుజం మీదినుంచి చూశారు.

"తప్పు కోళ్లది కాదమ్మా, నీ చేతిదీ కాదు. సీసా చచ్చిపోయింది. ఎప్పుడైనా గడ్డకట్టిందా?"

"లేదు సార్. కింద అరలోనే ఉంచాను. మా ఇంట్లో కూడా..." అని ఆమె ఆగిపోయింది.

సీసాకు చుట్టిన రేకు బల్లమీద ఉంది. ఆమె దాన్ని తీసి, ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చి రొయ్యల వాసన. చాలాసేపు దాన్ని మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

"ఇంకో గుర్తు పట్టే రెండో సీసా ఉంది గదా, దాంతో చూసిన లెక్కలు బాగానే ఉన్నాయి గదా. సంచీ ఎంత పాడైందో వాటితో చెప్పొచ్చు. అంతవరకు రాసి ఇచ్చెయ్. డిగ్రీ వస్తుంది" అన్నారాయన మెల్లగా.

"నాటువి ఎందుకు బతికాయన్నది సార్?"

"ప్రశ్న ఎక్కడికీ పోదమ్మా. సెలవే పోతుంది. కొత్త సీసా రావడానికే నెలలు పడుతుంది."

ఆమె నన్ను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. పారేయవలసినదాన్ని. చచ్చినవాటిని వెంటనే పారేసే అలవాటు మనుషులకు లేదు. అదొక్కటీ వాళ్లలో నాకు నచ్చింది.

సాయంత్రం వీరరాఘవమ్మగారు పెరటి అరుగు మీద కూర్చుని రేపటి దీపాలకు వత్తులు చేస్తోంది. డేగ పెట్ట ఆమె కాళ్ల దగ్గర మట్టి కెలుకుతోంది.

"వచ్చేవా? పనైందా? ఏవన్నాయి నా కోళ్లు?"

"ఏమీ అనలేదు అత్తయ్యగారూ" అంది శేషుకుమారి, మెట్టు మీద కూర్చుంటూ.

ఆ ముఖం చూసి హిమజ లోపలినుంచి వచ్చి గుమ్మం పట్టుకు నిలబడింది. "అమ్మా... మొన్న సోమవారం మామ్మ దాన్ని పైన పెట్టింది. ఫ్రీజర్లో. నేను చూశాను."

"పెట్టేను. అయితే ఏవైంది? చేప చెడనిచోటే పెట్టేను గాని పెంటమీద పడెయ్యలేదే." వత్తి చేస్తున్న చేతులు ఆగాయి. కోడలు తల దించుకోవడంతో ఆమె గొంతు దిగింది. "చెడిపోయిందా?"

"గడ్డకట్టకూడదండి అది."

"మరి పిల్లలు? వాటిని కోసేశారా?"

"కోశామండి."

వీరరాఘవమ్మగారు దూది ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. డేగ పెట్టను చూసింది. "అయితే వాటి ప్రాణం ఊరికే పోయిందా?"

కాదని చెప్పి ఉండవచ్చు. ఇంకెన్నో లెక్కలకు పనికొచ్చాయని చెప్పి ఉండవచ్చు. శేషుకుమారి సాకు వెతకలేదు. "ఊరికే పోయింది" అంది. "నా తప్పూ ఉంది. చల్లగా ఉండాలని చెప్పేను గాని, గడ్డకట్టకూడదని చెప్పలేదు" అంది.

"ఎందుకు చెప్పలేదే?"

"ఇంకో మాట ఎత్తితే మీరు డబ్బానే బయట పెట్టేస్తారనిపించింది."

"అంత భయపెట్టేనా నిన్ను?"

డేగ పెట్ట ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగి, దొరికిందేదో తిని, షెడ్డు వైపు పోయింది.

మర్నాటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అనకపోవడం అనడం కన్నా బరువని వరప్రసాద్‌కు తెలిసినట్టుంది. అతని జోకులు ఆగిపోయాయి. ఒకరోజు మాత్రం రొయ్యల పొట్లం పట్టుకుపోయి ఎవరికో ఇచ్చేసి వచ్చాడు.

వీరరాఘవమ్మగారు నన్ను పారేయనివ్వలేదు. తన చేత్తోనే డబ్బా కడిగి, తుడిచి, నన్ను అందులో పెట్టి, ఫ్రిజ్‌లో మధ్య అరలో పెరుగు గిన్నెను పక్కకు జరిపి అక్కడ ఉంచింది. కార్తీకమాసంలోనే. సోమవారం అభిషేకానికి పెరుగు తీసేటప్పుడు ఆమె చెయ్యి నా డబ్బాకు తగిలింది. వెనక్కి తీసుకోలేదు. పనికొచ్చే రోజుల్లో మూల తప్ప దొరకని చోట, పనికిరాకుండా పోయాక నాకు పీట వేశారు. నేనేమనగలను? వేసినావిడ మనసు చెడ్డది కాదు. కొద్దిరోజులు ఆలస్యమైంది.

డేగ పెట్ట మళ్లీ గుడ్లకు వచ్చింది. ఒక్కొక్క గుడ్డూ తెచ్చి వీరరాఘవమ్మగారు వరిగడ్డి పరిచిన బుట్టలో పెట్టేది. ఎవరు అడిగినా ఇవ్వలేదు. పక్కింటావిడ పొదగేసుకోవడానికి రెండు అడిగితే, "లేవమ్మా, ఇవి చదువుకోడానికెళ్లే గుడ్లు" అంది. ఆ మాట లోపల బట్టలు మడతపెడుతున్న కోడలికి వినబడాలనే అంది. వినబడింది. మడతపెడుతున్న చీర చాలాసేపు అలాగే చేతిలో ఉండిపోయింది.

ఆఖరి సోమవారం. పగలంతా ఉపవాసం. చీకటిపడగానే వీరరాఘవమ్మగారు పెరట్లోకి వెళ్లి నక్షత్రం చూసి దణ్ణం పెట్టుకుని వచ్చింది. నలుగురూ వంటింట్లోనే వరసగా కూర్చున్నారు. కందా బచ్చలి కూర, పప్పు, కొబ్బరి పచ్చడి. పెరుగు కోసం శేషుకుమారి లేచి తలుపు తెరిచింది. దీపం వెలిగింది. గిన్నె పక్కనే నేను. ఒక్క క్షణం నా వంక చూసి, తలుపు మూయకుండానే గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. అందుకే ఆ మాటలు విన్నాను.

"సెలవు ఇంకో ఏడాది అడిగేను. జీతం లేకుండా ఇచ్చేరు" అంది, అందరికీ పెరుగు వడ్డిస్తూ. గొంతులో హెచ్చుతగ్గులు లేవు. "మళ్లీ మొదటినుంచీ చేస్తాను."

వరప్రసాద్ తల ఎత్తి, మెల్లగా ఊపాడు. వీరరాఘవమ్మగారి ముఖం విప్పారింది. "గుడ్లున్నాయి. బుట్ట నిండా ఉన్నాయి. అన్నీ నీకే."

"తీసుకెళతానండి. ఒక్కటీ వదలను. వీటిని పొదిగించి పెంచి, వాటి పిల్లల్లో చూస్తాను." శేషుకుమారి అత్తగారి విస్తట్లో రెండో గరిటె పెరుగు వేసింది. "హాస్టల్లో గది తీసుకున్నాను. సామాను కొంచెమే, శుక్రవారం వెళతాను. ఆదివారం ఆదివారం వస్తాను."

హిమజ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "అంటే ఇక్కడుండవా అమ్మా?"

"ఆదివారం ఉంటాను."

"రోజూ బస్సులో వెళ్లొస్తున్నావు గదమ్మా" అంది వీరరాఘవమ్మగారు. నా వైపు చెయ్యి చూపిస్తూ, "దాని చోటు అక్కడే ఉంచేను. మధ్య అరలో. ఇంక ఎవరూ కదపరు. నేను కదపను" అంది.

"తెలుసత్తయ్యగారూ." శేషుకుమారి గిన్నె మీద మూత పెట్టింది. "కొత్త సీసా ఉగాదికి వస్తుందన్నారు. దాన్ని ఇంటికి తీసుకురాను."